పిండి మంచా, పంచదార మంచా: జపాన్ కొండల్లో స్కీయింగ్‌కు ఏ నెల మేలు?

తెలుగులో మంచు అన్నది ఒకటే మాట. మార్గశిరంలో పొలాల మీద కమ్ముకునేదీ మంచే, తెల్లారేసరికి గడ్డి కొసన నిలిచే బొట్టూ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. దూదిపింజల్లా రాలే మంచు మన ఊళ్లలో పడదు కాబట్టి దానికి వేరే పేర్లు పెట్టుకోవాల్సిన అవసరం మనకు రాలేదు. జపాన్ వాళ్లకు వచ్చింది. అప్పుడే రాలి, నోటితో ఊదితే లేచిపోయే పొడి మంచును వాళ్లు కొనయుకి అంటారు. యుకి అంటే మంచు, కొన అంటే పిండి. అదే మంచు కొన్నాళ్లు నేల మీద ఉండి, తన బరువుకు తానే అణిగి గట్టిపడితే షిమరియుకి. వసంతపు ఎండకు పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ కరిగి గింజ కట్టినది జరమెయుకి. జరమె అంటే వాళ్ల వంటింట్లో ఉండే పలుకు పంచదార.

జపాన్‌కు స్కీయింగ్ కోసం ఏ నెలలో వెళ్లాలన్న ప్రశ్నకు జవాబు ఈ మూడు మాటల్లోనే ఉంది. ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు జనవరి. అది తప్పు జవాబేమీ కాదు. కాకపోతే ఆ జవాబు పిండి మంచు కోసం ప్రపంచమంతా తిరిగేవాళ్లది, అంటే స్కీయింగ్ బాగా వచ్చినవాళ్లది. తెలుగు నేల నుంచి వెళ్లేవాళ్లలో చాలామందికి కాళ్లకు స్కీలు తగిలించుకోవడం అదే మొదటిసారి. అలాంటివాళ్లకు జనవరి కన్నా ఫిబ్రవరి 23 దాటిన దగ్గర్నుంచి మార్చి 20 లోపు రోజులు మేలు. ఎందుకో తెలియాలంటే అక్కడ మంచు ఎలా పడుతుందో ముందు చూడాలి.

జపాన్‌లో మంచుకు కారణం కొండల ఎత్తు కాదు. హొక్కైడో దీవిలో పేరుమోసిన నిసెకోలో స్కీయింగ్ చేసేవాళ్లను తీగల మీద కొండపైకి చేర్చే లిఫ్టులు మొదలయ్యేది సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులో. పైన లిఫ్టు దిగే చోటు 1,200 మీటర్ల దగ్గర. మన అరకు లోయే 900 మీటర్ల ఎత్తులో ఉంది. కశ్మీరులోని గుల్‌మార్గ్‌లోనైతే గొండోలా (రోప్‌వే) 2,650 మీటర్ల దగ్గర బయలుదేరుతుంది. అంత తక్కువ ఎత్తులోనూ నిసెకోలో ఒక శీతకాలంలో రాలే మంచునంతా కలిపితే 15 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

ఈ మంచుకు మూలం సైబీరియాలో ఉంది. చలికాలంలో అక్కడ నేల విపరీతంగా చల్లబడి, బరువైన గాలి పోగుపడి అధిక పీడనం ఏర్పడుతుంది. జపాన్‌కు తూర్పున పసిఫిక్ మీద అల్పపీడనం ఉంటుంది. పడమర ఎక్కువ, తూర్పున తక్కువ అనే అర్థంలో వాతావరణ వార్తలు చెప్పేవాళ్లు దీన్ని సెయికో తోతెయి అంటారు. జపాన్‌లో బడిపిల్లలకు కూడా తెలిసిన మాట అది. ఈ తేడా వల్ల వాయవ్య దిక్కు నుంచి గాలి జపాన్ మీదికి దూసుకొస్తుంది. బయలుదేరినప్పుడు అది ఎముకలు కొరికే పొడి గాలి. దానికి తేమను అందించేది దారిలో ఉన్న జపాన్ సముద్రం. దక్షిణం నుంచి త్సుషిమా అనే వెచ్చని ప్రవాహం ఆ సముద్రంలోకి వస్తుంది. వెచ్చని నీటి మీదుగా చల్లటి గాలి పోతుంటే ఆవిరి లేచి మేఘాలు కట్టి, దేశం నడుమ వెన్నెముకలా ఉన్న కొండలకు తగిలి, పైకి లేచి, మంచై రాలిపోతుంది.

కొండ దాటిన గాలిలో ఇక తేమ మిగలదు. అందుకే టోక్యో వైపు చలికాలమంతా నీలాకాశమే. జొయెత్సు షింకన్‌సెన్ రైల్లో వెళ్తే ఈ తేడా కళ్లారా కనిపిస్తుంది. గున్మా వైపు ఎండ కాస్తుంటుంది. రైలు 22 కిలోమీటర్ల దాయ్‌షిమిజు సొరంగంలో దూరి, కొన్ని నిమిషాల తర్వాత నీగతా వైపు బయటపడేసరికి ఇళ్ల కప్పుల మీద మనిషి ఎత్తు మంచు.

ఇక నెలల సంగతి. సముద్రం నేలలాగా తొందరగా చల్లబడదు. డిసెంబరు చివర్లో, జనవరిలో సైబీరియా గాలి బాగా చల్లబడి ఉంటుంది, సముద్రంలో మాత్రం ఇంకా వేసవి వేడి మిగిలి ఉంటుంది. ఆ తేడా ఎంత ఎక్కువైతే మంచు అంత ఎక్కువ. ఫిబ్రవరి సగం గడిచేసరికి సముద్రం కూడా చల్లబడుతుంది, సైబీరియా పట్టు సడలుతుంది. కాబట్టి కొత్త మంచు జోరుగా రాలే కాలం డిసెంబరు ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. జనవరికి పేరు వచ్చింది ఇందుకే.

అయితే చెరువుకు వరద వచ్చే రోజు వేరు, చెరువు నిండుగా ఉండే రోజు వేరు. మంచూ అంతే. జనవరిలో రాలేది ఎక్కువ, ఫిబ్రవరి చివరికి నేల మీద పేరుకున్నది ఎక్కువ. జపాన్ రికార్డులు చూస్తే ఈ మాట తేలిపోతుంది. షిగా ప్రాంతంలోని ఇబుకి కొండ మీద 1927లో 1,182 సెంటీమీటర్ల మంచు మేట కొలిచారు. వాతావరణ కేంద్రాల లెక్కల్లో ప్రపంచంలోనే ఇంతకు మించినది లేదు. ఆ తేదీ ఫిబ్రవరి 14. నీగతాలోని తకదా పట్టణంలో 377 సెంటీమీటర్లు, 1945 ఫిబ్రవరి 26. అవొమొరిలోని సుకాయులో 566 సెంటీమీటర్లు, 2013 ఫిబ్రవరి 26. మూడింట్లో ఒక్కటి కూడా జనవరిది కాదు.

స్కీయింగ్‌కు వెళ్లేవాళ్లకు ఈ తేడా ఎందుకు ముఖ్యమో డిసెంబరులో వెళ్తే అర్థమవుతుంది. హొక్కైడో కొండల మీద ససా అనే పొట్టి వెదురు పొదలు దట్టంగా ఉంటాయి. అవి పూర్తిగా మంచు కింద అణగాలంటే వారాలు పడుతుంది. అంతదాకా మంచు పైకి తెల్లగా పరుచుకున్నట్టు కనిపించినా, కింద కొమ్మలూ వాగుల గుంటలూ పొంచి ఉంటాయి. కొన్ని లిఫ్టులు తెరవరు, కొన్ని వాలులు తాళ్లు కట్టి మూసేస్తారు. కొన్నేళ్లు డిసెంబరు మధ్యకే అంతా సిద్ధం, కొన్నేళ్లు కొత్త సంవత్సరం దాకా ఎదురుచూపులే. క్రిస్మస్ సెలవుల్లో ఎక్కువ డబ్బు పోసి వెళ్లడం పందెం కాయడమే. పైగా డిసెంబరు ఆఖర్లో సప్పొరోలో సాయంత్రం నాలుగింటికే పొద్దు గూకుతుంది. డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా జపాన్ వాళ్లకే కొత్త సంవత్సరం సెలవులు, ఆ వారం హోటల్ ధరల గురించి చెప్పక్కర్లేదు.

జనవరి సంగతి వేరు. జపాన్‌లో స్కీయింగ్ పాఠం మొదలైందే జనవరిలో. 1911 జనవరి 12న తకదాలో ఆస్ట్రియా-హంగరీ సైన్యాధికారి థియొడొర్ ఫాన్ లెర్ఖ్ అక్కడి సైనికులకు నేర్పిన పాఠంతోనే ఆ దేశపు స్కీయింగ్ చరిత్ర లెక్కపెడతారు. ఈ రోజుల్లో జనవరి రెండో సోమవారం వచ్చే యుక్తవయసు దినోత్సవం సెలవు దాటితే హోన్షూ దీవి కొండల్లో పనిదినాలు ప్రశాంతంగా ఉంటాయి. హకుబా, మ్యోకో, నొజావా ఒన్సెన్ లాంటి చోట్ల లిఫ్టుల దగ్గర వరుసలు తగ్గుతాయి. నిసెకోలో మాత్రం అలా ఆశించకూడదు. ఆస్ట్రేలియాలో బడి సెలవులు జనవరి చివరి దాకా సాగుతాయి, వాళ్లకు నిసెకో సొంత ఊరి లెక్క. అక్కడ ఒక రోజు లిఫ్టు టికెట్టే 10,000 యెన్‌లు దాటిపోయింది. అవొమొరి, ఇవాతె, ఫుకుషిమా ప్రాంతాల్లోని చిన్న కొండల్లో అందులో సగానికే రోజంతా తిరగొచ్చు.

సంక్రాంతి సెలవులు సరిగ్గా ఈ వారంలోనే పడతాయి. తెలుగు కుటుంబాలకు పిల్లలతో కదలడానికి వీలైన కొద్ది రోజుల్లో ఇవి ముఖ్యమైనవి. వెళ్తే నొజావా ఒన్సెన్ బాగా నప్పుతుంది, అదీ ఒక ముచ్చట కోసం. మనం భోగి మంటలు వేసుకున్న ఒకటి రెండు రోజులకే, జనవరి 15 రాత్రి, ఆ ఊళ్లో దోసొజిన్ మంటల పండగ జరుగుతుంది. కలపతో గుడిలాంటి కట్టడాన్ని కడతారు. ఊళ్లో 42 ఏళ్ల వాళ్లు దాని మీదికెక్కి కూర్చుంటే, 25 ఏళ్ల వాళ్లు కింద కాపలా ఉంటారు. మిగతా ఊరివాళ్లు కాగడాలతో మీద పడతారు. చివరికి అంతా తగలబడుతుంది. ఆ ఊళ్లో జనం ఉమ్మడిగా వాడుకునే వేడినీటి బుగ్గల స్నానశాలలు 13 ఉన్నాయి. మంటల పొగ పట్టిన ఒళ్లు కడుక్కోవడానికి భోగినాటి తలంటులా అవే దిక్కు.

ఇంత చెప్పాక జనవరిలో లోటేమిటి అంటే, ఎండ. మంచు జోరుగా రాలుతోందంటే ఆకాశం మూసుకుపోయిందనే అర్థం. నిసెకో ఎదురుగా ఫ్యూజీని పోలిన యోతెయి కొండ ఉంటుంది, ఎత్తు 1,898 మీటర్లు. జనవరిలో వారం రోజులున్నా ఆ కొండ ఒక్కసారి కనిపించకుండానే వెనుదిరిగినవాళ్లు ఉంటారు. పైన మేఘం తెలుపు, కింద నేల తెలుపు, మధ్యలో రాలేది తెలుపు. వాలు ఎటు దిగుతోందో, ఎక్కడ మిట్ట ఉందో కంటికి అందదు. అనుభవం ఉన్నవాళ్లు చెట్ల మధ్యకు వెళ్లి, కాళ్లకు తగిలే తీరును బట్టి దిగిపోతారు. మొదటిసారి స్కీలు కట్టినవాళ్లకు ఆ తెలుపులో తల తిరుగుతుంది. దానికి తోడు మైనస్ పది డిగ్రీల చలి, గాలి వీస్తే ఆపేసే లిఫ్టులు. పొద్దున నున్నగా చదును చేసిన వాలు మీద రెండు గంటల్లో అడుగు మంచు పడితే, బ్రేకు వేయడమే రానివాళ్లు మోకాళ్ల దాకా కూరుకుపోతారు. పిండి మంచులో స్కీలను తేల్చడం వేరే విద్య. అ ఆలు నేర్చుకునేవాళ్లకు అది అక్కర్లేదు.

హొక్కైడోలోనే కాస్త లోపలికి, ఫురానో, తొమాము వైపు వెళ్తే గాలి తగ్గుతుంది, ఆకాశం కొంచెం తేటపడుతుంది. చలి మాత్రం పెరుగుతుంది. ఆ లోతట్టు ప్రాంతంలోని అసహికవాలో 1902 జనవరి 25న మైనస్ 41 డిగ్రీలు నమోదైంది. జపాన్ రికార్డు ఇప్పటికీ అదే.

ఫిబ్రవరిలో మంచుకు లోటు లేదు, చూడ్డానికి అందమూ ఎక్కువే. సప్పొరో మంచు శిల్పాల పండగ నెల మొదట్లో వస్తుంది. యమగతాలోని జావో కొండ మీద దేవదారు జాతి చెట్లు మంచు, గడ్డకట్టిన తేమ అతుక్కుని అతుక్కుని రాక్షసుల్లా నిలబడతాయి. జుహ్యో అనే ఈ వింతను చూడాలంటే జనవరి చివర్నుంచి ఫిబ్రవరి చివరి దాకానే. పురుగు పట్టి ఆ చెట్లు చాలావరకు ఎండిపోతున్నాయి కాబట్టి చూడాలనుకునేవాళ్లు మరీ వాయిదా వేయకపోవడం మంచిది. ఈ నెలకున్న చిక్కల్లా జనమే. ఫిబ్రవరి 11న, 23న జాతీయ సెలవులు ఉంటాయి. చైనా కొత్త సంవత్సరం ఏటా తేదీ మారుతుంది. 2027లో అది ఫిబ్రవరి 6న, 2028లో జనవరి 26న. విమానం టికెట్ కొనేముందు ఈ ఒక్క తేదీ చూసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. దానికి అటూ ఇటూ వారం రోజులు నిసెకో, హకుబాల్లో గది దొరకడమే గగనం.

ఫిబ్రవరి అనగానే వాతావరణం కుదిరినట్టే అనుకోవడానికీ లేదు. జపాన్‌లో జరిగిన రెండు శీతకాల ఒలింపిక్సూ, 1972లో సప్పొరో, 1998లో నగానో, ఫిబ్రవరిలోనే జరిగాయి. నగానో ఆటల్లో పురుషుల డౌన్‌హిల్ పందెం హకుబాలోని హప్పో వాలు మీద ఫిబ్రవరి 8న జరగాలి. వాతావరణం ఒప్పుకోక వాయిదాల మీద వాయిదాలు పడి 13న జరిగింది. ఒలింపిక్స్ వాళ్లకే ఐదు రోజులు పట్టినప్పుడు, నాలుగు రోజుల టూరు వేసుకున్నవాళ్లు రెండు రోజులు గదిలోనే గడపాల్సి రావచ్చని ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

ఇక ఫిబ్రవరి 23 దాటాక. నేల మీద మేట ఏడాదిలోకెల్లా ఎక్కువ, గుంటలూ పొదలూ అన్నీ పూడిపోయి ఉంటాయి. రాలేది తగ్గుతుంది గానీ ఆగిపోదు, మార్చి మొదటి వారంలో కూడా ఒక రాత్రిలో మోకాలి లోతు పడిన సందర్భాలు ఉంటాయి. జపాన్ వాళ్లు ఈ రోజుల్ని సన్‌కన్ షియొన్ అంటారు, మూడు రోజులు చలి, నాలుగు రోజులు వెచ్చన. ఎండ కాస్తుంది, కొండలు కనిపిస్తాయి, పగలు పొడుగవుతుంది. మార్చి 20 దరిదాపుల్లో వచ్చే విషువత్తు సెలవు, ఆ వెంటే మొదలయ్యే బడి సెలవుల దాకా పనిదినాల్లో వాలులు ఖాళీగానే ఉంటాయి. విశ్వవిద్యాలయాల విద్యార్థులు గుంపులుగా రావడం ఒక్కటే మినహాయింపు, వాళ్లకు ఫిబ్రవరి, మార్చి నెలలు సెలవులు. నేర్పేవాళ్లు దొరుకుతారు. జనవరిలోనైతే ఇంగ్లీషులో చెప్పే శిక్షకుల కోసం నిసెకో, హకుబాల్లో నెలల ముందే బుక్ చేసుకోవాలి.

మార్చిలో మాత్రం తేదీ కన్నా గడియారం ముఖ్యం. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున ఎనిమిదింటికి గాజులా గట్టిగా ఉంటుంది. పడితే దెబ్బ తగులుతుంది. తొమ్మిదిన్నర, పది అయ్యేసరికి పైపొర మెత్తబడి స్కీ అంచు చక్కగా దిగుతుంది. రెండు మూడు గంటలు ఆ సుఖం. మధ్యాహ్నం దాటితే తడి ఇసుకలా కాళ్లను పట్టేస్తుంది. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, ఉత్తరపు వాలు చివరి దాకా బిగువు నిలుపుకుంటుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు ఎండతో పాటు వాలు మారుస్తూ రోజంతా గడుపుతారు. తెలియనివాళ్లు పొద్దునే వెళ్లి జారిపడి, మధ్యాహ్నం వెళ్లి కూరుకుపోయి, జపాన్ మంచు బాగాలేదని చెబుతారు.

చోటు ఎంపిక కూడా అప్పుడే పనికొస్తుంది. జనవరిలో ఏ కొండైనా ఒకటే, మార్చిలో ఎత్తు కావాలి. హకుబాలోని హప్పోలో అడుగు 760 మీటర్లు, పై కొస 1,831 మీటర్లు. మార్చి రెండో వారంలో పైన చలికాలం, కింద వసంతం. నగానోలోని షిగా కొగెన్‌లో కింది వాలులే 1,300 మీటర్ల ఎత్తులో ఉంటాయి, పైన యొకొతెయామా 2,307 మీటర్లు. అక్కడ మే మొదటి వారం దాకా స్కీయింగ్ నడుస్తుంది. మార్చిలో వెళ్లే తెలుగువాళ్లకు మొదట చెప్పాల్సిన పేరు నిసెకో కాదు, ఇదే. నిసెకో ఉత్తరాన ఉన్నా ఎత్తు తక్కువ కాబట్టి మార్చి మధ్యకు కింది వాలులు నీళ్లోడుతుంటాయి. హొక్కైడోలోనే కావాలంటే 2,291 మీటర్ల అసహిదకె వైపు చూడాలి, కాకపోతే అది కొత్తవాళ్ల కొండ కాదు.

వసంతంతో పాటు రెండు పీడలు వస్తాయి. గోబీ ఎడారి నుంచి లేచే పసుపు దుమ్ము ఒకటి. కొసా అనే ఆ దుమ్ము మార్చి చివర్లో మంచు మీద పడితే వాలంతా గోధుమరంగుకు తిరిగి స్కీలు ఎక్కడికక్కడ పట్టేస్తాయి. రెండోది సుగి అనే జపాన్ దేవదారు చెట్ల పుప్పొడి. ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్లు టోక్యోలో రెండు రోజులు ఆగాలనుకుంటే మందు దగ్గర పెట్టుకోవాలి.

ఏప్రిల్, మే నెలల గురించి క్లుప్తంగా. తతెయామా దగ్గర ఏప్రిల్ మధ్యలో దారి తెరిచినప్పుడు రోడ్డుకు రెండువైపులా మంచు గోడలు లేస్తాయి, బాగా పడిన ఏడాది 20 మీటర్ల దాకా. స్కీలు లేకుండా మంచు చూసి వద్దామనుకునే పెద్దవాళ్లకు, వేసవి సెలవులు వస్తే గానీ కదలలేని కుటుంబాలకు అదే సరైన చోటు. యమగతాలోని గస్సన్ కొండకు శీతకాలంలో వెళ్లే దారే పూడిపోతుంది. అందుకని అందరూ మూసేసే ఏప్రిల్‌లో అక్కడ లిఫ్టు మొదలై జూలై దాకా తిరుగుతుంది.

ఈ లెక్కలన్నీ తప్పే సంవత్సరాలూ ఉంటాయి. 2019-20 శీతకాలం జపాన్‌లో అంతకుముందెన్నడూ లేనంత వెచ్చగా గడిచింది, హోన్షూలో తక్కువ ఎత్తు కొండలు బోసిపోయాయి. దాని మూలాన్ని శాస్త్రజ్ఞులు హిందూ మహాసముద్రంలో చూశారు. 2019 చివర్లో ఆ సముద్రం పడమటి భాగం వేడెక్కి, పైనున్న గాలుల దారి వంగి, సైబీరియా చలి జపాన్ దాకా దిగలేదు. ఎల్ నినో ఏళ్లలోనూ జపాన్ చలికాలం సాధారణంగా మెత్తబడుతుంది, లా నినా ఏళ్లలో బిగుస్తుంది. మన వానాకాలం కబుర్లలో నలిగే ఈ పేర్లు అక్టోబరులో మళ్లీ ఒకసారి వినడం స్కీయింగ్‌కు వెళ్లేవాళ్లకు పనికొస్తుంది. అనుమానం ఉన్న ఏడాది తక్కువ ఎత్తు చోట్లు వదిలేసి, ఉత్తరానికో పైకో జరగడమే ఉపాయం.

పదో తరగతి, ఇంటర్ పరీక్షలున్న ఇళ్లకు మార్చి కుదరదు. వాళ్లకు మిగిలేది సంక్రాంతి. అలాంటప్పుడు నిసెకో మోజు వదులుకుని, టోక్యో నుంచి రైలు దిగిన చోటే గొండోలా ఎక్కే గాలా యుజావాకు గంటంబావులో వెళ్లి రావడం తెలివైన పని. వాతావరణం బాగాలేని రోజు వెళ్లకుండా ఊరుకోవచ్చు, హోటల్ డబ్బు పోదు. రెండు రోజులు నేర్చుకుని, నచ్చితే, పిల్లల పరీక్షల బెడద తీరిన ఏడాది మార్చి మొదటి వారానికి షిగా కొగెన్‌లో గది చూసుకోవచ్చు.